ఇరవై రెండు మెట్లు

4వ తేదీ, సోమవారం

బీపీ డాక్టరమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను. భయం వేసినప్పుడల్లా ఇంట్లో మనిషికి చెప్పి ఆయన ప్రాణం తియ్యకుండా ఒక పుస్తకంలో రాసుకోమంది. వంద పేజీలది ఇవ్వమని అడిగాను. షాపతను నా మొహం చూసి రెండు వందలది ఇచ్చాడు.

నా చదువు మూడో తరగతి. మిగతాదంతా బోర్డుల మీద నేర్చుకున్నాను. ఆయన సన్న కుంచెతో అక్షరానికి అంచు గీసి పక్క అక్షరానికి జరిగేవారు. నేను వెనకాలే వెడల్పు కుంచెతో లోపల రంగు నింపేదాన్ని. గీత నాది, పొట్ట నీది అనేవారు. నలభై ఏళ్ళు అదే పని. అందుకని అక్షరాలన్నీ నాకు లోపలి నుంచే తెలుసు. చిన్నగా రాయడం మాత్రం చేత కాదు. ఈ కాస్తకే ఒక పేజీ అయిపోయింది. రెండు వందలు చాలుతాయో లేదో.

ఈ రోజు భయం: ఏమీ లేదు. అదే భయంగా ఉంది.

5వ తేదీ

నిన్న అబద్ధం రాశాను. నా పుస్తకంలో నాకే అబద్ధం చెప్పుకోవడం ఏమిటో.

కిందటి వారం అమ్మాయి వాళ్ళ నాన్నని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అమ్మాయి పోస్టాఫీసు కౌంటర్లో పని చేస్తుంది, మా వెనక వీధిలోనే ఉంటుంది. ఏ సంగతైనా స్టాంపు గుద్దినట్టు చెబుతుంది. కంటి వెనక నరం ఎండిపోతోందిట. దీనికి ఆపరేషను లేదుట. చుక్కల మందు వేస్తే కాస్త నెమ్మదిస్తుందిట, అంతే. ముందు రంగులు పోతాయి, అవి ఇప్పటికే పోయినట్టే, తర్వాత గీతలు పోతాయి, వచ్చే చలికాలానికి గీత కూడా తెలియదు అన్నాడుట.

ఇదంతా నాకు వంటింట్లో చెప్పింది, ఆయనకి వినపడకుండా కుళాయి తిప్పి పెట్టి. ఆయనకి డాక్టరు ముందే చెప్పేశాడు. నాకు తెలీదని ఆయన అనుకుంటున్నారు. నాకు తెలుసని అమ్మాయికి తెలుసు. ఈ ఇంట్లో ఎవరికేం తెలుసో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాలి.

6వ తేదీ

పొద్దున్న కాఫీ తాగుతూ ఆయన అన్నారు, ఈ రేకులు ఒక్కసారి జనం చూసేచోట పెట్టాలోయ్ అని.

రేకులంటే ఆయన బొమ్మలు. అచ్చు బోర్డులు వచ్చాక మమ్మల్ని పిలిచే షాపులు లేవు. మిగిలిపోయిన రేకుల మీద ఆయన పాత షాపులు గీయడం మొదలుపెట్టారు. మంగలి షాపు, గడియారాల షాపు, తాళాలవాడి బంకు. ఊళ్ళో మూతపడ్డవన్నీ. పదిహేడు అయ్యాయి, పద్దెనిమిదోది నడుస్తోంది. మంచం కింద, బీరువా వెనక, తలుపు చాటున అవే. మొన్న చీపురు కోసం చెయ్యి పెడితే వేలు తెగింది.

అమ్మాయి నాలుగు మేళాల కాగితాలు తెచ్చింది. బొమ్మలు వేసేవాళ్ళు బల్ల తీసుకుని పెట్టుకునే మేళాలు. పార్కులో ఒకటి, షాపుల కాంప్లెక్సు కింద బళ్ళు పెట్టేచోట ఒకటి, స్కూలు గ్రౌండులో ఒకటి, టౌన్‌హాల్లో ఒకటి. అన్నిటికీ వెళ్ళే ఓపిక మాకు లేదు. ఏది మంచిదో ఎవరు చూడాలి అంటే ఆయన నా వైపు చూశారు.

"ఎక్కడో నువ్వే చూడు. భయపడటంలో నీకున్న అనుభవం ఎవరికుంది."

అంటే చెడ్డవన్నీ నేను ముందే కనిపెడతానని. పొగిడారో తిట్టారో తెలియలేదు. ఒప్పుకున్నాను.

7వ తేదీ

కాగితాలు కుట్టుమిషను సొరుగులో పెట్టాను. మూడు సార్లు తీసి చూశాను. ఉన్నాయి.

8వ తేదీ

మార్కెట్టు మూల మీద కుండలావిడ దగ్గరికి వెళ్ళాను. కుండల మీద పువ్వులు వేసి అమ్ముతుంది. ఇరవై ఏళ్ళుగా ఆమె కూచోని మేళా లేదు. మంచి మేళాని ఎలా గుర్తు పట్టాలమ్మా అని అడిగాను.

లోపల ఏముందో చూడకక్కా, గేటు దగ్గర నిలబడి బయటికి వచ్చేవాళ్ళ చేతులు చూడు అంది. చేతిలో చదునైన పొట్లం ఉంటే అక్కడ బొమ్మలు అమ్ముడవుతున్నాయి. ఐస్‌క్రీం ఉంటే ఐస్‌క్రీం అమ్ముడవుతోంది. కిందటేడు కూచున్నవాళ్ళు ఈ ఏడాది మళ్ళీ వచ్చారా అని కూడా కనుక్కోమంది. ఎండ సాయంత్రం ఏ మూలకి వస్తుందో చూసుకోమంది. అన్నీ బుర్రలో పెట్టుకున్నాను. మరుగుదొడ్డి ఎంత దూరమో చూడమని ఆమె చెప్పలేదు. అది నేను కలుపుకున్నాను. ఆయనకి గంటకోసారి కావాలి.

10వ తేదీ, ఆదివారం

పార్కు మేళా చూసి వచ్చాను.

గేటు దగ్గర గంటసేపు నిలబడ్డాను. ఐస్‌క్రీములు ముప్పై ఒకటి, బుడగలు పద్నాలుగు, కుక్కలు తొమ్మిది. చదునైన పొట్లం ఒక్కటి కనపడింది. వెనకే వెళ్ళి చూస్తే కేకు డబ్బా.

గాలి విపరీతం. ఒక అమ్మాయి వేసిన నీటిరంగుల బొమ్మ ఎగిరి ఫౌంటెన్‌లో పడింది. నీటి రంగులు కాబట్టి ఎక్కణ్ణుంచి వచ్చాయో అక్కడికే పోయాయి. ఆ పిల్ల ఏడవలేదు కూడా, అలవాటు కాబోలు. మా రేకు ఒకటి ఎగిరిందంటే ఎవరి మెడైనా తెగుతుంది. పోలీసులు వస్తారు. రేకు మూలన పేరు ఆయనది ఉంటుంది.

పార్కు వద్దు.

12వ తేదీ

పద్దెనిమిదో రేకు గొడుగులు బాగు చేసే షాపు. ఆయన గీత అయిపోయింది, నేను నింపుతున్నాను. గీత అక్కడక్కడా వంకర పోయింది. కాస్త సర్దాను. కాస్తే.

తలుపు ఎరుపు అన్నారు. ఎరుపు డబ్బా మూత బిగుసుకుపోయింది అన్నాను. స్క్రూడ్రైవరుతో అంచు చుట్టూ కొట్టు, వస్తుంది అన్నారు. కొట్టాను, ఆయనకి వినపడేట్టు. ఆ మూత రాలేదు. పసుపు మూత వచ్చింది.

ఆ తలుపు పసుపు. ఆయన బోర్డు రాస్తున్నప్పుడు నేను ఎదురు అరుగు మీద రంగు డబ్బాలతో కూచున్నాను, అమ్మాయి ఒళ్ళో ఉంది. ఎండ పడితే తలుపు మీద నుంచి పిల్ల మొహం మీదికి పసుపు వెలుగు వచ్చేది. ఆయన పైన నిచ్చెన మీద ఉన్నారు, బోర్డు చూశారు. నేను కింద ఉన్నాను, తలుపు చూశాను.

ఇందులో మోసం ఏమీ లేదు. నేను మధ్యలో ఊరికే పూస్తాను, అంతే. బొమ్మ ఆయనది.

13వ తేదీ

ఊరికే పూయడమే.

16వ తేదీ, శనివారం

కాంప్లెక్సు కింద మేళాకి వెళ్ళాను. నాకు చాలా బాగుంది. గాలి లేదు, ఎండ లేదు, మరుగుదొడ్డి పదహారు అడుగులు. పైన పసుపుపచ్చ ట్యూబులైట్లు. ఆ వెలుతురులో ఎవరికీ ఏ రంగూ సరిగ్గా తెలియదు. ఒకాయన గుర్రం బొమ్మ బేరం చేస్తూ ఇది నలుపా గోధుమరంగా అని అడిగితే వేసినాయనే బయటికి తీసుకెళ్ళి చూసి వచ్చాడు.

ఇదే సరైన చోటు అనిపించింది. ఎందుకు అనిపించిందో రాయక్కర్లేదు.

కుండలావిడకి చెప్పాను. ఆమె నవ్వింది.

"అక్కా, అక్కడ రెండేళ్ళు కూచున్నాను. వాళ్ళు బండి ఎక్కడ పెట్టామా అని వెతుక్కుంటూ మన ముందు నుంచి పోతుంటారు. దాన్ని జనం అనుకోకు."

నిజమే. ఇద్దరు నన్ను కూడా తెల్లకారు చూశారా అని అడిగారు.

17వ తేదీ, ఆదివారం

టౌన్‌హాలు. మెట్లు ఇరవై రెండు.

పైన పెద్ద గది. పొడుగు కిటికీలు, ఒకవైపు నుంచే వెలుతురు, కళ్ళలో పడదు. గోడ పొడుగునా ఇనుప పట్టీ, దానికి కొక్కేలు. మేకు కొట్టే పని లేదు. వచ్చేవాళ్ళు ఖాళీ చేతులతో వస్తున్నారు. ఒక ముసలాయన ఒకే బొమ్మ ముందు అంతసేపు నిలబడ్డాడంటే, ఆయనకి ఏమైనా అయిందేమో అని నేను దగ్గరికి వెళ్ళి చూశాను. చూస్తున్నాడు, అంతే. గేటు దగ్గర అరగంటలో చదునైన పొట్లాలు ఆరు.

బల్ల దగ్గర ఫారాలు చూసే ఆవిడ ఉంది. వచ్చే నెల మేళాకి ఇరవై ఎనిమిదో తేదీ ఆఖరు అంది. ఫారం అమ్మాయి తెచ్చి ఇచ్చిందే. నిబంధనలు ఇంతకుముందు చదవలేదు, చిన్న అక్షరాలు. అక్కడే కూచుని చదివాను. ఏడోది: బొమ్మలు పేరు ఇచ్చినవారు సొంత చేత్తో వేసినవి మాత్రమే అయి ఉండాలి. రెండో రోజు గంటసేపు అందరి ముందూ వేసి చూపించాలి.

మళ్ళీ చదివాను. మారలేదు.

గంటసేపు అందరి ముందు. ఆయన ఎరుపనుకుని ఏ డబ్బాలో కుంచె ముంచుతారో.

టౌన్‌హాలు వద్దు. మెట్లు ఇరవై రెండు. ఆయన మోకాళ్ళకి కుదరదు.

18వ తేదీ

ఇరవై రెండు మెట్లు ఎక్కువే. మా డాబాకి పద్నాలుగే.

19వ తేదీ

సాయంత్రం అమ్మాయి వచ్చింది. ఏం తేల్చావమ్మా అంది. స్కూలు గ్రౌండు అన్నాను. టౌన్‌హాలు ఎందుకు కాదు అంది. మెట్లు అన్నాను. నాన్న రోజూ డాబా ఎక్కి మొక్కలకి నీళ్ళు పోస్తారు కదా అంది. అవి పద్నాలుగు అన్నాను.

అమ్మాయి వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పింది. ఈ మధ్య కుళాయి చప్పుడు వింటేనే నాకు దడ.

"అమ్మా, ఆయనకి ఇదే ఆఖరి ఏడాది. తీసుకెళ్ళి స్కూలు గ్రౌండులో పిల్లల గెంతుల మధ్య పెడతావా?"

స్కూలు మేళా గురించి కుండలావిడ కూడా అదే చెప్పింది, అక్కడికి అమ్మానాన్నలు వస్తారు, ఎవరి పిల్లలు వేసింది వాళ్ళు చూసుకుని పోతారు, మన బల్ల వైపు కన్నెత్తి కూడా చూడరని. నాకు నచ్చింది అదే. ఆయన రేకులు పెట్టినట్టూ ఉంటుంది, ఎవరూ చూడనట్టూ ఉంటుంది. ఏ నిబంధనలూ లేవు. ఫారం కూడా సగం కాగితమే.

కుళాయి కట్టేశాను. తొట్టి నిండి నేల మీదికి వచ్చింది.

20వ తేదీ

స్కూలు ఫారం ఇచ్చి వచ్చాను. వాచ్‌మన్ తీసుకుని టిఫిను డబ్బా కింద పెట్టాడు. తడుస్తుందేమో.

22వ తేదీ, శుక్రవారం

రేకుల మధ్య పాత దుప్పట్లు వేసి తాడు కట్టాం. చాకు, గుడ్డలు, చేతికి కట్టు, దూది, మందుసీసా, నీళ్ళు, ఆయన చుక్కల మందు, నా బీపీ బిళ్ళలు, ఇంకో తాడు, ఆ తాడు తెగితే ఇంకొకటి. రేకులు పద్దెనిమిది, సామాను సంచులు నాలుగు. ఆయన సంచుల వైపు చూసి మనం తిరిగొస్తామా అని అడిగారు.

వచ్చే ఉద్దేశమే.

23వ తేదీ, శనివారం

స్కూలు మేళా, మొదటి రోజు. ఎవరూ రాలేదు. అంటే జనం బోలెడు, మా బల్లకి ఎవరూ రాలేదు. చాలా హాయిగా గడిచింది. పక్క బల్ల కుండలావిడదే. ఎందుకొచ్చావమ్మా, ఇది దండగ అన్నావుగా అంటే, నువ్వొక్కదానివి ఎలా కూచుంటావోనని వచ్చానక్కా అంది.

కుర్చీలు చిన్నపిల్లలవి. ఆయన కూచుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పొద్దున్నించీ తెల్లచొక్కా నలగకుండా కూచున్నారు, ఎవరైనా వస్తే లేచి నిలబడదామని. ఏడు గంటలు కూచున్నారు. ఒక్కసారి కూడా లేవలేదు.

హాయిగా గడిచింది అని పైన రాశాను.

24వ తేదీ, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది, యాభై ఏళ్ళుంటాయి. మనవరాలి చెయ్యి పట్టుకుని మా బల్ల దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. గొడుగుల షాపు రేకు ముందు ఆగింది. పిల్ల చెయ్యి లాగుతున్నా కదల్లేదు.

ఇది మా నాన్న షాపండీ అంది.

ఆయన లేచి నిలబడ్డారు. రెండు రోజుల్లో మొదటిసారి. వాళ్ళ నాన్న గొడుగు పుల్లలు నోట్లో పెట్టుకుని మాట్లాడేవాడని ఆయన అన్నారు. ఆవిడ అవునవునంది. ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, అక్కడితో అయిపోతుందనుకుని.

"తలుపు కూడా ఎంత బాగా గుర్తు పెట్టుకున్నారండీ," అంది.

"మర్చిపోతానా అమ్మా. అలాంటి ఎరుపు మళ్ళీ ఎక్కడా చూడలేదు."

ఆవిడ రేకు వైపు చూసింది. ఆయన వైపు చూసింది.

"పసుపు కదండీ."

"ఎరుపమ్మా."

"మా తలుపు పసుపండీ. మీరు వేసింది కూడా పసుపే."

పక్కన కుండలావిడ కుండ తుడవడం ఆపేసింది. నేను ఎదురుగా ఉన్న చెత్తబుట్ట వైపు చూశాను. దాని మీద నన్ను వాడండి అని రాసుంది. అక్షరాలు అచ్చువి, నింపినవి కావు.

ఆయన వేలు చాచి రేకు మీద తలుపు తడిమారు. రంగు వేలికి తెలియదు. ఐనా తడిమారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, రంగుల సంగతి ఆవిణ్ణి అడగండి అని. వెళ్ళి ఆ చిన్న కుర్చీలో కూచున్నారు.

ఆవిడ నా దగ్గరికి వచ్చి, ఈ బొమ్మ నాకు ఇస్తారా, ఎంతైనా సరే అంది. ఇస్తే ఆవిడ ఇంకో రెండు మాటలు మాట్లాడుతుంది. ఎప్పుడు వేశారు, ఎలా వేశారు అంటుంది. ఆవిడ వెళ్ళిపోతే చాలని ఉంది నాకు. నోటికి ఏదొస్తే అది అన్నాను.

"ఇది టౌన్‌హాలుకి వెళ్ళాలండీ. అక్కడ పెట్టాక ఇస్తాం."

ఆవిడ మొహం విప్పారింది. ఓ, టౌన్‌హాలుకా అంది. మా అన్నయ్యల్ని కూడా తీసుకొస్తాను అంది. తేదీ అడిగి పిల్ల చేతి మీద పెన్నుతో రాసుకుంది.

వెనక్కి తిరిగి చూస్తే ఆయన నన్నే చూస్తున్నారు. అంటే, నా వైపు.

25వ తేదీ

మాట్లాడలేదు.

26వ తేదీ

ఉప్పు ఉందా అన్నారు. ఉంది అన్నాను.

మధ్యాహ్నం

అంతా నా వల్లే. నలభై ఏళ్ళు ఊళ్ళో అందరూ ఆయన చెయ్యి అంటే దణ్ణం పెట్టేవాళ్ళు. ఆ గొడుగులాయన కూతురి ముందు, ఆ పిల్ల ముందు, ఆయన వేసిన బొమ్మ ఏ రంగో ఆయనకే తెలియకుండా చేశాను. ఎరుపు అన్నప్పుడు ఎరుపు పూసి ఉంటే సరిపోయేది. తలుపు ఎరుపైతే ఎవరికి నష్టం. ఆవిడ ఒక్కతే కదా చూసింది. మా తలుపు పసుపు కదా అనుకుని వెళ్ళిపోయేది.

ఎరుపు పూయాల్సింది.

నాకు చెయ్యి రాలేదు.

సాయంత్రం

కుట్టుమిషను సొరుగు తెరిస్తే టౌన్‌హాలు ఫారం లేదు. ఇల్లంతా వెతికాను. నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయానేమో. రేపు కాక ఎల్లుండి ఆఖరు తేదీ. పోతే పోయింది, ఎలాగూ ఇవ్వం కదా అనుకున్నాను. అనుకుని మళ్ళీ వెతికాను. బియ్యం డబ్బాలో కూడా చూశాను.

27వ తేదీ, బుధవారం

పొద్దున్న ఏమోయ్ అని పిలిచారు. రెండు రోజుల తర్వాత పిలుపు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వెళ్ళాను.

వెనక గదిలో రంగు డబ్బాలన్నీ వరసగా పెట్టుకుని కూచున్నారు. గిన్నె కింద పెట్టమన్నారు. కుడి చేత్తో ఈ డబ్బా ఎత్తు, ఎడం చేత్తో అది ఎత్తు అన్నారు. ఎత్తాను. కుడి చేతిలోది ఎరుపు, నిండుగా ఉంది. ఎడం చేతిలోది పసుపు, గాలికి పోయేలా ఉంది.

"పద్దెనిమిది రేకుల్లో తొమ్మిది తలుపులు ఎరుపని చెప్పాను. తొమ్మిది తలుపులు పూశాక ఆ డబ్బా ఇంత బరువుంటుందా?"

మూత బిగుసుకుపోయింది అన్నాను.

"మంగలి షాపు రేకు నాటి నుంచీ తెలుసోయ్. నాకు రంగు కనపడకపోతే మాత్రం, బరువు తెలియదా?"

అక్కడే నేల మీద కూచున్నాను. కళ్ళ సంగతి నాకు తెలుసని కూడా ఆయనకి తెలుసుట. మీ తల్లీకూతుళ్ళు కుళాయి తిప్పినప్పుడల్లా నా గురించేనని తెలీదా, నీళ్ళు దండగ అన్నారు.

మరి అడగలేదేం అన్నాను.

"అడిగితే భయపడి ఎరుపే పూస్తావు."

అది నిజమే. మరి రెండు రోజులు మాట్లాడలేదేం, నేను చచ్చిపోయాను అన్నాను. ఆయన డబ్బా మూత మీద వేలు తిప్పారు.

నీ ఇష్టానికి నువ్వు పూస్తున్నావనుకున్నాను అన్నారు. ఏదో ఒకటిలే, సరదా పడుతోంది, పడనీ అనుకున్నాను. గుర్తు పెట్టుకుని పూస్తున్నావని ఆ గొడుగులాయన కూతురు చెప్పేదాకా తెలియలేదు. నలభై ఏళ్ళు ప్రతి షాపుకీ బోర్డు రాశాను, ఒక్క తలుపు చూడలేదోయ్. సిగ్గేసింది. అందుకని మాట్లాడలేదు.

ఆయన సిగ్గు పడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఎటు చూడాలో తెలియక ఎరుపు డబ్బా వైపు చూశాను.

అప్పుడు చొక్కా జేబులో నుంచి ఫారం తీసిచ్చారు. నాలుగు మడతలు. నిన్న నేను బియ్యం డబ్బాలో వెతుకుతున్నప్పుడు కూడా ఆ జేబులోనే ఉంది.

విప్పాను. బొమ్మలు వేసినవారి పేరు అన్నచోట వడ్రంగి పెన్సిలుతో అక్షరాలు గీశారు. అంచులు మాత్రమే. లోపల ఖాళీ. బోర్డుకి గీసినట్టే, పెద్దవి, పొట్టలున్నవి. ఒక అక్షరం కాస్త పక్కకి ఒరిగింది. తడుముతూ గీశారేమో, గీత రెండు చోట్ల రెండుసార్లు పడింది.

నా పేరు.

బోర్డుల మీద వందల పేర్లు నింపాను. ఎవరెవరివో. ఇది ఎప్పుడూ నింపలేదు. ఇంత పెద్దగా ఉంటుందని తెలియదు.

ఇదేంటి, మీ పేరు కదా రాయాల్సింది అన్నాను.

"నా పేరు ఊళ్ళో ప్రతి బోర్డు మూలా ఉంది. నలభై ఏళ్ళు నేనే పెట్టుకున్నాను. చాలు. నింపు."

రెండో రోజు గంటసేపు అందరి ముందూ వెయ్యాలి అన్నాను. తెలుసు, అమ్మాయితో చదివించుకున్నాను అన్నారు. నేను గీస్తాను, నువ్వు నింపు, ఎప్పుడు మాత్రం ఇంకోలా చేశాం అన్నారు. చెయ్యి వణుకుతుంది అన్నాను. ఎవరిది అన్నారు. ఇద్దరిదీ అన్నాను. గొడుగులాయన కూతురు అన్నయ్యల్ని తీసుకొస్తానంది, మాట ఇచ్చింది నువ్వే అన్నారు.

ఏ రంగుతో నింపాలి అని అడిగాను. నన్నడుగుతావేం అన్నారు.

భోజనాలయ్యాక బల్ల మీద కాగితం పరిచి నింపాను. గంట పట్టింది. పక్కన కూచుని వింటూనే ఉన్నారు, కుంచె చప్పుడు. ఏ రంగో అడగలేదు. నేను చెప్పలేదు. గీత దాటలేదు.

28వ తేదీ, గురువారం

కాగితం ఆరిందో లేదోనని పొద్దున్నే నాలుగు సార్లు ముట్టుకుని చూశాను. నాలుగో సారి వేలి ముద్ర పడింది.

ఇద్దరం వెళ్ళాం. ఫారాలావిడ కాగితం విప్పి చూసింది, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది. పేరు గడిలో పట్టక కిందికి దిగిపోయింది.

ఏడో నిబంధన కనపడటం లేదండీ అంది.

నా పేరు కింద ఉందండీ అన్నాను.

చదివారా మరి అంది. పదకొండు సార్లు చదివానని చెప్పాను. మొత్తం చెప్పేశాను, గీసేది ఆయన, నింపేది నేను, ఆయనకి రంగులు కనపడవు, నాకు గీయడం రాదు, సొంత చెయ్యంటే ఎవరిది కిందికి వస్తుందో మాకు తెలియదు, తప్పైతే ఇప్పుడే చెప్పండి, రేకులు బరువు, మోసుకొచ్చాక చెప్పొద్దు.

ఆవిడ పెన్ను తీసుకుంది. ఇంకేముంది, కొట్టేస్తుంది అనుకున్నాను.

"అయితే రెండో రోజు రెండు కుర్చీలు వెయ్యాలన్నమాట," అని కాగితం అంచున రాసుకుంది.

అంతే. పదకొండు రోజులు నిద్ర లేదు నాకు. కుర్చీలు రెండు.

పెద్దవాళ్ళ కుర్చీలేనా అని ఆయన అడిగారు.

మరుగుదొడ్డి కింది అంతస్తులో ఉంది, అది చూసుకోవాలి. కిటికీలకి తెరలు లేవు, నాలుగు తర్వాత ఎండ ఏ రేకు మీద పడుతుందో చూసుకోవాలి. గొడుగులాయన కూతురికి అన్నయ్యలు ఎంతమందో అడగలేదు. పసుపు డబ్బా ఒకటి కొనాలి.

మెట్లు ఇరవై రెండే. ఎడం పక్క కిందనుంచి పైదాకా పట్టుకోవడానికి కమ్మీ ఉంది. మొదటిసారి వెళ్ళినప్పుడే చూశాను. రాయలేదు.